బిసీచ్‌కు అర్థం

“బిసీచ్ అట, బిసీచ్!” ఓ అరబ్బు దేశంలోని అజైబా ఆఫీసులో కొత్తగా చేరిన చైనా అమ్మాయి లిన్ రాసిన సెలవు చీటీ చదివి, శేషగిరిరావు పగలబడి నవ్వాడు. “వేడుకుంటున్నాను అనడానికి ఈ మాట వాడటం ఇంగ్లిషువాళ్ళే ఎప్పుడో మానేశారమ్మా. ఏ సమాధిలోంచి తవ్వి తీశావు?”

లిన్ బీరువాలోంచి ఓ ఫైలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. “ఇందులోంచి సార్. అన్నీ మీ సెలవు చీటీలే. పదకొండున్నాయి.”

శేషగిరిరావు గొంతు సవరించుకున్నాడు. “అది మర్యాదమ్మా. మా తెనాలి మాస్టారు నేర్పింది.”

“అన్నిటి మీదా మేనేజర్ ‘తర్వాత చూద్దాం’ అనే రాశారు సార్. మీ అన్నయ్యగారి షష్టిపూర్తి చీటీ మీద కూడా.”

“మరి మిగతావాళ్ళు ఏమని రాస్తున్నారు?”

“‘ఆదివారం నుంచి వారం రోజులు రాను’ అని రాసి వెళ్ళిపోతున్నారు. నేనూ అలాగే ఇంకోటి రాసిచ్చాను, సంతకమైపోయింది. మీ చేతిలో ఉన్నది చిత్తు కాగితం.”

ఆ కాగితం అంచున, బిసీచ్ పక్కన, చైనా అక్షరాల్లో ఏదో రాసి ఉంది.

“ఇదేమిటి?”

“అర్థం రాసుకున్నాను సార్. ‘సెలవు దొరకనివాళ్ళు వాడే మాట.’”