పాత రబ్బరు రింగు

ఆ శాస్త్రవేత్త ఫర్నేసులో తప్ప ఇంకెక్కడా ఆ నానోగొట్టాలు మొలవలేదు. టంగ్‌స్టన్ పొడిని గంధకపు ఆవిరిలో కాలిస్తే, వెంట్రుకలో వెయ్యో వంతు సన్నంగా గుత్తులు గుత్తులుగా వచ్చేవి. అదే పద్ధతిలో మరెవరు కాల్చినా ఉత్త నల్లపొడే. ఆవిడ పాతికేళ్ల పేరంతా బూటకమేమోనని గుసగుసలు మొదలయ్యాయి. అందులో పెద్ద నోరు, వేరే ఊళ్లో ఇదే పరిశోధన చేస్తున్న మరిదిది.

"నా కళ్లముందు మొలిపించు వదినా, చెంపలేసుకుంటాను" అంటూ ఓ ఉదయం దిగబడ్డాడు.

పెళ్లివారొస్తున్నట్టు ల్యాబంతా తుడిపించి ఉంచింది ఆవిడ. మరిది ఫర్నేసు మూత చుట్టూ గాలి చొరకుండా బిగించిన రబ్బరు రింగును వేలితో తడిమాడు.

"రింగు పగిలింది వదినా, గాలి దూరుతోంది. నలుగురూ చూస్తే నవ్విపోరూ? నా దగ్గర కొత్తది ఉంది, వేసెయ్."

ఆవిడ సిగ్గుపడి వేసేసింది.

"పాతదాన్ని వెళ్తూ వెళ్తూ నేను పారేస్తాలే" అన్నాడు.

సాయంత్రం చూస్తే నల్లపొడి. మైక్రోస్కోపు కింద ఒక్క గొట్టమైనా లేదు.

"పోనీలే, ఎవరితోనూ అనను" అని ఓదార్చి మరీ వెళ్లాడు.

నెల్లాళ్లు ఫర్నేసుతో కుస్తీ పట్టాక ఆవిడకి తట్టింది. ఇన్నేళ్లూ గొట్టాల్ని మొలిపించింది తన తెలివి కాదు, ఆ పగులులోంచి దూరిన తడిగాలి! పరుగున వెళ్లి ఫోన్ చేసింది.

"ఆ పాత రింగు ఎక్కడ పారేశావయ్యా?"

"పారేయడమేంటి వదినా, నా ఫర్నేసుకే ఉంది. గొట్టాలు గడ్డిలా మొలుస్తున్నాయి. నువ్వన్నది నిజమే, ఇదిగో, చెంపలేసుకుంటున్నాను."