నాలుగు నిమ్మకాయలు

గంగాధర్ సుబ్బరాజు గారింటి గేటు తీసేసరికి బండి కింద ఒకాయన దూరి ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

“టైర్లు అరిగిపోయేయండి. కింద ఎక్కడో చప్పుడు కూడా వస్తందండి,” అంటున్నాడు లోపల్నుంచే.

“టైర్లదేవుందండి, మార్చుకుంటే సరి,” అన్నారు అరుగు మీద కూర్చున్న సుబ్బరాజు గారు. అమలాపురంలో కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. అమ్మకానికి పెట్టింది ఆయన బండినే.

రెండువేల సంవత్సరం మోడలు. జీపు కన్నా చిన్నది, కారు కన్నా ఎత్తైనది. ఏటిగట్ల మీద తిరగడానికి అలాంటిదే కావాలి.

కువైట్‌లో షేకు గారి కార్లు తోలి వచ్చిన గంగాధర్‌కి బండి నడపడం వచ్చు గానీ, కొనడం కొత్త. పైగా ఒకసారి వీసా ఏజెంటు చేతిలో నిలువునా మోసపోయాడు. అప్పట్నుంచీ అతనికి తాడు కనిపించినా పామే.

పశువుల సంతలో బేరాలాడిన వాళ్ళ నాన్న ఒక ముక్క చెప్పేవాడు: “పొగిడేవాడు అమ్మేవాడి మనిషిరా. వంకపెట్టేవాడు కొనేవాడు.” అదొక్కటే అతనికి ఆధారం.

“ఇంతకీ బండి దేనికండి?” అడిగారు సుబ్బరాజు గారు.

“కిరాయికి తిప్పుకుందామనండి. మొన్న నేను ఇంటికొస్తే మా పాప గుమ్మంలో నిలబడి, ‘అమ్మా, ఎవరో వచ్చేరే’ అందండి. బండి కుదిరితే ఇక్కడే ఉండిపోతాను. లేదంటే మళ్ళీ కువైటేనండి.”

బండి కింద చప్పుడు ఆగిపోయింది.

ఆ మనిషి బయటికొచ్చి చొక్కా దులుపుకున్నాడు.

“పాపకెన్నేళ్ళండి?”

“ఐదండి.”

ఆయన బానెట్ మీద చెయ్యేసి ఒకసారి నిమిరాడు.

“తీసేసుకోండి బాబూ. ఇంజను బంగారం. వరద నీళ్ళు ముట్టని బండి. వెనకాల ఎడం పక్క తలుపు గట్టిగా లాగాలి, అంతేనండి.”

గంగాధర్ ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. ఇందాక టైర్లని తిట్టిన నోరేనా ఇది?

బండి స్టార్ట్ చేసి చూశాడు. నల్ల పొగ లేదు. కాలవ గట్టు దాకా తోలుకెళ్ళి వచ్చాడు. కాళ్ళ కింద పట్టా ఎత్తి తడిమి చూశాడు. తుప్పు లేదు, బురద వాసన లేదు.

అన్నీ బాగుండటమే అతనికి బాగా అనిపించలేదు.

“ఇవేళే బయానా ఇచ్చేయండి, రేపటిదాకా ఉంచకండి,” అన్నాడు ఆ మనిషి.

“ఎందుకండీ అంత తొందర? ఇంతకీ మీరెవరు?”

సుబ్బరాజు గారు నోరు తెరిచేలోగా ఆ మనిషి కన్ను గీటాడు. గంగాధర్ అది చూడనే చూశాడు.

“దారినపోయేవాణ్ణండి, ఆయ్.”

ఆ మాటంటూనే చేతిసంచీలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి గంగాధర్ ముందు చాపాడు.

“ఉంచండి. చక్రానికొకటి. తొక్కించి తీసుకెళ్ళండి, శుభం.”

ఇంకా అనుమానమేముంది? కొనేవాడు దొరకగానే తొక్కించడానికి నిమ్మకాయలు కూడా సిద్ధంగా పెట్టుకున్నారు!

“మీ నాటకానికి వేరే వాణ్ణి చూసుకోండి,” అని విసురుగా వెళ్ళిపోయాడు గంగాధర్.

వారం తిరక్కుండానే జొన్నాడ దగ్గర హైవే మీద ఇంకో బండి కొన్నాడు. అద్దంలా మెరిసిపోతోంది. అమ్మేవాడు ఒక్క మాట పొగడలేదు. ‘మీ ఇష్టం, చూసుకోండి’ అని బీడీ ముట్టించాడు. గంగాధర్‌కి ఆ మౌనమే నచ్చింది.

తొలకరి పడగానే దాని బండారం బయటపడింది. గోదారి వరదలో మునిగి తేలిన బండి అది. లోపల వైర్లన్నీ చిలుమెక్కి ఉన్నాయి. ముమ్మిడివరం పెళ్ళికి కిరాయికెళ్ళి, పెళ్ళికొడుకుని నడిరోడ్డు మీద వానలో దింపేసింది. తరవాత అతన్ని కిరాయికి పిలిచినవాడు లేడు. దసరా నాటికి అది పాత ఇనపకొట్టుకి చేరింది.

మళ్ళీ కువైట్ ప్రయాణం. రాజమండ్రి స్టేషన్‌కి భార్య ఉమామహేశ్వరి మాట్లాడిన బండి గుమ్మంలో ఆగింది.

అదే బండి. టైర్లు మాత్రం కొత్తవి. స్టీరింగు దగ్గర ఆ రోజటి మనిషే. రావులపాలెంలో పనుండి పక్క సీట్లో సుబ్బరాజు గారు.

“తలుపు గట్టిగా లాగండి బాబూ,” అన్నాడు ఆ మనిషి.

“ఎవరికీ అంటగట్టలేక మీరే ఉంచేసుకున్నారా?” అన్నాడు గంగాధర్.

“ఆయ్, నాకే మిగిలిందండి,” అని నవ్వేశాడు.

దారి పొడుగునా పాప, “నాన్నా, వెళ్ళొద్దు,” అంటూ గంగాధర్ మెడ వదల్లేదు. అద్దంలోంచి అది చూస్తూనే బండి తోలాడు ఆ మనిషి. రావులపాలెంలో బండి ఆపి, పాపకి బిస్కట్లు తెస్తానని దిగి వెళ్ళాడు.

“మీ మనిషి ఆ రోజు భలే నటించేడండి,” అన్నాడు గంగాధర్, ఉండబట్టలేక.

సుబ్బరాజు గారు కొట్టు వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగారు.

“నా మనిషి కాదండి. బండారులంక రమణ. కిరాయి బండి తోలుకునే మనిషే. మీకన్నా ముందొచ్చి బేరమాడతా ఉన్నాడు. మీ పాప మాట విన్నాక, చెప్పొద్దని కన్ను గీటేడు.”

వంకపెట్టేవాడు కొనేవాడు. నాన్న మాటలో సగమే వాడుకున్నాడు గంగాధర్.

కొట్టు దగ్గర రమణ బిస్కట్ల పొట్లం తీసుకుని వస్తున్నాడు.

“ఆ నిమ్మకాయలు,” అన్నారు సుబ్బరాజు గారు గొంతు తగ్గించి, “ఆయన తనకోసం తెచ్చుకున్నవండి.”