వచ్చినవాళ్ళ రొట్టె

"ఎవరి వల్ల ఈ సందుకి ఈ గతి పట్టిందంటావు, అవ్వా?" అడిగింది ఇన్‌యంగ్, రికార్డరు ముందుకు జరుపుతూ. అద్దెలు పెరిగి సియోల్ నగరపు పాత సందుల్లోని జనం ఎలా చెదిరిపోతున్నారన్నదే ఆమె పరిశోధన.

కుట్టు మిషను ముందు కూర్చున్న బొంగ్‌సున్ అవ్వ నోరు తెరిచేలోగా ఎదురింట్లో కొత్తగా కాఫీ షాపు పెట్టినాయన లోపలికొచ్చాడు. కొత్తగా దిగినవాళ్ళు ఇరుగుపొరుగుకి పంచే బియ్యపు రొట్టె అతని చేతిలో ఇంకా పొగలు కక్కుతోంది.

అవ్వ రెండు చేతులా అందుకుంది. అతని చూపు మాత్రం ఇన్‌యంగ్ మీద పడింది.

"మీరు ఇన్‌యంగ్ గారు కదూ! నగరం మరిచిపోయిన సందు ఇదేనని మీరు చెప్పిన వీడియో చూసే ఇక్కడికొచ్చానండీ. ఈ ఇళ్ళ ఓనరు కూడా అదే చూపించి అందరికీ అద్దె పెంచేశాడు. ఏమైనా అంతా మీ చలవే!"

అతను నవ్వుతూ పక్కింటికి వెళ్ళిపోయాడు. ఇన్‌యంగ్ గబుక్కున రికార్డరు నొక్కేసింది.

"ఆపేశావేమే పిల్లా? అడిగినదానికి జవాబొచ్చిందిగా," అంది అవ్వ. గొంతులో కోపం లేదు. అందుకే ఇన్‌యంగ్‌కి తల కొట్టేసినట్టయింది.

"అవ్వా, నేను ఈ సందు నిలబడాలనే..."

"తెలుసులే." అవ్వ రొట్టె ప్లేటు ఆమె ముందు పెట్టింది. "ఇది ఇక్కడ ఉండేవాళ్ళు తినాల్సిన రొట్టె. నేను నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి పోయేదాన్ని. నీ చలవతో వచ్చిందిగా, నువ్వు తిను."

పెద్దవాళ్ళు పెడితే రెండు చేతులా అందుకోవాలి. ఇన్‌యంగ్‌కి ఒక్క చెయ్యీ లేవలేదు.