పెట్టెలో గొంతు

"ముందు ఆ పెట్టె నోరు మూయించు. తర్వాత మాట్లాడదాం."

వదిన మోటారు బండికి అడ్డంగా నిలబడింది. మరిది ఇంజను ఆపాడు గాని, బండి మీద కట్టిన మైకు పెట్టెను ఆపలేదు. అది అరుస్తూనే ఉంది.

"పాత ఇనుమూ... పగిలిన బకెట్లూ... పాడైన ఫ్యాన్లూ... పారేయకండమ్మా, పట్టుకెళ్తా!" చివర ఒక చిన్న దగ్గు. మళ్ళీ మొదలు.

ఆ గొంతు మరిదిది కాదు. ఆమె వెనక తోపుడు బండి పిడి పట్టుకుని నిలబడ్డ భర్తది. ఒకప్పుడు ఆ అన్నదమ్ములిద్దరిదీ ఒకటే బండి. చిన్నవాడు తోసేవాడు, పెద్దవాడు కేక వేసేవాడు. వేరుపడే ముందు చిన్నవాడు ఆ కేకను ఫోనులో పట్టుకున్నాడు. మోటారు బండి కొన్నాక దాన్ని పెట్టెకెక్కించాడు. అప్పట్నుంచి జనం పెద్దవాడనుకుని పాత సామాను బయటికి తెస్తారు, చిన్నవాడు ఎత్తుకుపోతాడు. పెద్దవాడు వచ్చేసరికి వీధిలో తుప్పు పట్టిన మేకు కూడా మిగలదు.

చిన్నవాడు పెట్టె ఆపేశాడు. "ఏంటి వదినా, నడివీధిలో ఈ గొడవ?"

"ఆ కేక మాది. అది ఉన్న మెమరీ కార్డు తీసి ఇచ్చెయ్. లేదంటే కేసు వేస్తాం."

కేసు అన్న మాట వినగానే పక్కనున్న జిరాక్సు కొట్టు ఆయన మెట్టు దిగి వచ్చాడు. "కాపీల సంగతి నన్నడుగమ్మా. పొద్దస్తమానం నేను చేసేది అదేగా. మీ కేక మీద సున్నాలో సీ అక్షరం, అదే కాపీరైటు గుర్తు, వేయించారా? లేదు. రిజిస్టరు చేయించారా? లేదు. పైగా అది పది సెకన్లు కూడా ఉండదు. అంత చిన్నదైతే ఎవరిదైనా వాడుకోవచ్చు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంటమ్మా, అందరికీ తెలిసిందే."

"వీధిలో అరిచింది వీధిదే వదినా," చిన్నవాడు అందుకున్నాడు. "ఫోను నాది, కార్డు నాది, పెట్టె నాది. ఇందులో మీదేముంది?"

"గొంతు."

"అంతగా అయితే ఆ చివరి దగ్గు కోసెయ్," అన్నాడు జిరాక్సు ఆయన చిన్నవాడితో. "కాస్త మారిస్తే చాలు, కొత్త సరుకు కింద లెక్క. నీదైపోతుంది."

మేడ మీంచి ఎవరో నవ్వారు. పెద్దవాడు మెడకు చుట్టుకున్న తువ్వాలు కొసతో మొహం తుడుచుకున్నాడు. ఎండలో బండి తోసుకొచ్చాడేమో, ఊపిరి సన్నగా ఈల వేస్తోంది.

"మొన్నటి ఎండాకాలమంతా మా బండి మూలన పడి ఉంది. ఎందుకని ఒక్కసారైనా అడిగావా?" అంది వదిన.

"అడిగేదేముంది? నా బండి తిరుగుతుంటే మీ బండి మొహం ఎవరు చూస్తారు?" చిన్నవాడు అన్న వైపు తిరిగాడు. "ఇప్పుడేమో గంట కట్టావట! ఐసు బండి అనుకుని పిల్లలు పరిగెత్తుకొస్తున్నారట! కేక వెయ్యడానికి నామోషీ వచ్చిందా దొరగారికి?"

పెద్దవాడు పిడికి కట్టిన గంటను కదలకుండా పట్టుకున్నాడు.

"చూశారా, నాతో మాట్లాడితే పరువు తక్కువ. పెళ్ళాం చేత తిట్టిస్తాడు. అయినా వదినా, ఒరిజినల్ మెడలో పెట్టుకు తిరిగేవాడికి కాపీతో పనేంటి?"

"పనెందుకంటే, ఆయనకు..."

ఆమె భుజం మీద భర్త చెయ్యి పడింది. ఆమె మాట మింగేసింది. తమ్ముడి ముందు చిన్నబోవడం ఆయనకు ఎన్నడూ పడదు.

"ఆ కేక ఇంకెక్కడైనా ఉందా?" అడిగింది.

"భయపడకు. ఆ ఫోను ఎప్పుడో నీళ్ళలో పడి చచ్చింది. ఉన్నది ఇదొక్కటే." చిన్నవాడు పెట్టె వెనక నుంచి గోరంత కార్డు ఊడబీకి, రెండు వేళ్ళతో అన్న ముందు పైకెత్తాడు. "సరే, న్యాయంగానే పోదాం. ఇది నీ గొంతే అయితే ఇక్కడ అందరి ముందు ఒక్క కేక వెయ్. కలిసిందా, కార్డు నీది."

"అదీ మాట! రుజువు కావాలిగా మరి," అన్నాడు జిరాక్సు ఆయన.

పిట్టగోడల మీదికి ఆడవాళ్ళు వంగారు. పెద్దవాడు ఆ కార్డునే చూస్తూ చెయ్యి చాచాడు.

"చెయ్యి కాదు, నోరు. వెయ్!"

పెద్దవాడి దవడలు బిగుసుకున్నాయి. అంతే.

"అబ్బో, ఏం పొగరు! నేనడిగితే వెయ్యడు. చిన్నప్పట్నుంచీ ఇంతే." చిన్నవాడి మొహం ఎర్రబడింది.

"కేసూ వద్దు, ఏమీ వద్దు," అంది వదిన. ఈసారి ఆమె మాటలో కోపం లేదు. "అది ఆయన చేతిలో పెట్టు. చాలు."

"పెట్టావా, రేపు కోర్టులో అదే సాక్ష్యం," జిరాక్సు ఆయన అందరికీ వినపడేలా గుసగుసలాడాడు. "కార్డే లేకపోతే కేసే లేదు."

చిన్నవాడు కార్డును కొట్టు మెట్టు మీద పెట్టాడు. బండిలోంచి తూకపు రాయి తీశాడు.

"వద్దు!" వదిన ముందుకు దూకింది.

"రేపట్నుంచి నా గొంతే నేను పెట్టుకుంటా. ఇది నాకూ వద్దు, మీకూ దక్కదు."

రాయి దిగింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి దించాడు. మిగిలిన నల్లటి పలుకుల్ని అరచేత్తో ఊడ్చి అన్న కాళ్ళ దగ్గర పోశాడు.

"ఇంద, తీసుకుపో. ఇప్పుడైనా నోరు విప్పుతావా?"

పెద్దవాడు మెడకున్న తువ్వాలు విప్పాడు. డాక్టర్లు గొంతు తీసేసిన చోట గుండీ అంత చిల్లు ఉంది.