పెన్ను దొరకని పొద్దున

"పొద్దున ఇన్సులిన్ ఎవరిచ్చారు?" అని అడిగింది పశువుల డాక్టరమ్మ. షుగరున్న పిల్లి బల్ల మీద కదలకుండా పడి ఉంది.

"నేనేనండీ. ఆరింటికి, తిండి పెట్టాక. రెండు యూనిట్లు," అన్నాడు పిల్లిని తెచ్చిన బస్సు డ్రైవరు.

"నేనూ రెండు ఇచ్చాను, ఏడింటికి," అంది అతని భార్య, డాక్టరమ్మ వైపే చూస్తూ. "క్యాలెండర్లో టిక్కు లేదు మరి."

"పెన్ను దొరకలేదండీ," అన్నాడతను. అదీ డాక్టరమ్మతోనే.

"పెన్ను లేకపోతే నోరు లేదా? ఉండేది ఒకే ఇంట్లోనేగా!" అంది డాక్టరమ్మ.

ఇద్దరూ పిల్లి వైపు చూశారు.

గ్లూకోజు ఎక్కించాక, మధ్యాహ్నానికి పిల్లి తల ఎత్తింది. "ఈ సాయంత్రం సూది వద్దు. రేపటి నుంచి ఇచ్చినవాళ్ళు రెండోవాళ్ళకి నోటితో చెప్పాలి. టిక్కులు కుదరవు," అంది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున ఆరింటికి పిల్లి గిన్నె ఖాళీ చేసింది. అతను సూది వేసి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఇచ్చాను."

ఆమె స్టవ్ మీంచి చూపు తిప్పలేదు. "ఊఁ," అంది.

సాయంత్రం ఆరింటికి ఆమె హాల్లోకి వచ్చింది. "ఇచ్చాను."

"ఊఁ."

వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేసి ఐదు నెలలైంది. ఇప్పుడు పన్నెండు గంటలకొక మాట.