పైపులో గడ్డ

రెంచి దెబ్బ వీపు మీద పడగానే బామ్మర్ది వాల్వు చక్రం వదిలేసి కంకర మీద బోర్లా పడ్డాడు.

"చావాలని ఉందిరా నీకు?" అని అరిచాడు మేస్త్రి. "అంత సరదాగా ఉంటే ఇంకెక్కడన్నా చావు! మీ అక్కకి నేనేం సమాధానం చెప్పాలి?"

బామ్మర్ది లేవబోయాడు. మేస్త్రి డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. మనిషి మంచివాడే. కానీ భయమేస్తే ఆయనకి నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది.

భయం ఊరికే వెయ్యలేదు. గ్యాసు పైపుకి చలి తగలకుండా చుట్టిన ఇన్సులేషన్ ఒకచోట ఊడిపోయింది. ఆ బోసి ముక్క చల్లబడి, లోపలి గ్యాసూ తేమా కలిసి మంచుగడ్డలా బిగుసుకుని అడ్డం పడ్డాయి. దాన్ని కరిగించాలంటే గడ్డకి రెండు పక్కలా ఉన్న వాల్వులు ఒకేసారి తెరిచి, ఒత్తిడి మెల్లగా దించాలి. ఒక్క పక్కే తెరిచారో, ఇక అంతే సంగతులు. రెండో పక్క ఒత్తిడికి గడ్డ ఫిరంగి గుండులా తెరిచిన వైపు దూసుకొచ్చి, అక్కడున్నవాణ్ణి చీల్చి పారేస్తుంది. అలాంటిది ఈ మహానుభావుడు ఒంటరిగా వచ్చి ఇటు వాల్వు తిప్పుతున్నాడు!

"బావా, ఆగు... అటు..."

"నోర్ముయ్!" చెంప పగిలింది. "అటూ లేదు, ఇటూ లేదు! నా కూతుర్ని నీ దగ్గర పనిలో పెట్టినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. దానికీ ఇదేనా నువ్వు నేర్పేది?"

బామ్మర్ది నోట్లోంచి రక్తం కారుతోంది. చెప్పబోయిన మాట రక్తంలో కలిసి ముద్దముద్దగా వచ్చింది. పాక్కుంటూ వచ్చి మేస్త్రి కాళ్లు రెండూ వాటేసుకుని, చక్రం దగ్గరికి వెళ్లనివ్వకుండా వెనక్కి లాగాడు.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. మోకాలితో ముఖం మీద ఒక్కటిచ్చాడు. ముక్కు పటుక్కుమంది. బామ్మర్ది చేతులు పట్టు వదిలాయి.

మేస్త్రి చక్రం మీద పడి, పళ్లు బిగపట్టి, ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాడు. బుస్సుమంటున్న గ్యాసు చప్పుడు సన్నగిల్లి, ఆగిపోయింది. హమ్మయ్య! వెధవ బతికిపోయాడు. కోపం దిగిపోయి, ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. కూలబడి, బామ్మర్ది తల ఒళ్లోకి తీసుకుని తువ్వాలుతో రక్తం తుడిచాడు.

"నన్ను ఎంతన్నా తిట్టుకోరా, పడతాను. ప్రాణాలతో ఉన్నావు, నాకదే చాలు."

బామ్మర్ది తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చక్రం వైపు చెయ్యి చాచబోయి, లేవలేక వెనక్కి వాలిపోయాడు. అప్పుడు అతని జేబులో వాకీటాకీ గరగరలాడింది. మేస్త్రి కూతురి గొంతు.

"మామయ్యా, నువ్వు చెప్పినట్టే ఇటు వాల్వు నేనూ తెరిచే ఉంచా, ఒత్తిడి బాగా దిగింది. ఉన్నట్టుండి పైపు ఇలా అదురుతోందేంటి? నువ్వు అటు మూసెయ్యలేదు కదా?"