కదలొద్దు మాస్టారి కెమెరా

"నాన్నా, ఆ కెమెరాని ఇంక బీరువాలో పెట్టేద్దాం," అన్నాడు కొడుకు, ప్రింట్లు స్టూడియో కౌంటరు మీద పరుస్తూ. "చూడు, నా కూతురికి నాలుగు చెవులొచ్చాయి."

తండ్రి కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూశాడు. నిజమే. ఒక మనవరాలి మీద ఇంకో మనవరాలు కూర్చున్నట్టుంది.

"పిల్ల కదిలింది," అన్నాడు.

"పిల్ల వెనకాల గోడ కూడా కదిలిందా?"

అనేశాక కొడుకు నాలుక కరుచుకున్నాడు. మూలన స్టూలు మీద కూర్చుని మడమల పగుళ్ళకి వాజిలీను రాసుకుంటున్న తల్లి చెయ్యి ఆగిపోయింది.

ఎందుకంటే ఆయన ఆషామాషీ మనిషి కాదు. అందరూ 'కదలొద్దు మాస్టారు' అని పిలుస్తారు. ఆయన "కదలొద్దు" అన్నాడంటే ఎదురుగా ఉన్న మనుషులే కాదు, గోడ గడియారంలో ముల్లు కూడా ఊపిరి బిగబట్టేదట. ముడతల మొహంతో వచ్చిన ఒక ముసలమ్మకి ఎంత నున్నటి ఫోటో తీసిచ్చాడంటే, ఇంటికెళ్ళాక ఆవిడ కుక్క ఫోటో ముందు తోకాడించి ఆవిడ మీద మొరిగిందట! ఆ నునుపు కిటుకేమిటో ఆయనకీ, పక్కన లైట్లు పట్టుకున్న పెళ్ళానికీ తప్ప మూడో ప్రాణికి తెలియదు. కొడుకు కంప్యూటరు ముందు పెరిగినవాడు. రీలు వాసనే గిట్టదు.

అలాంటి మనిషి చేతిలో ఈమధ్య టీ గ్లాసు తొణుకుతోంది. ఇంట్లో అందరూ చూస్తున్నారు, ఎవరూ పైకి అనడంలేదు. రేపు పొద్దున చూస్తే బడిలో గ్రూపు ఫోటో. రిటైరవుతున్న హెడ్మాస్టరు, "పాత కెమెరాతో, మీ నాన్నగారే తియ్యాలి," అని పట్టుబట్టి కూర్చున్నాడు. అదీ ఇలాగే వచ్చిందంటే, సంపాదించుకున్న పేరంతా ఒక్క క్లిక్కుతో గంగలో కలుస్తుంది.

"తప్పు కెమెరాదే," అంది తల్లి ఉన్నట్టుండి. "లోపల ఏ స్ప్రింగు వదులైందో ఏమో. పాత సామాన్లవాడికి పారేయండి."

"నోటికొచ్చినట్టు వాగకే! అది రాయి. కొండ మీంచి దొర్లించినా లేచి ఫోటో తీస్తుంది."

"మరి అది బాగుంటే..." అంటూ తల్లి ఆగిపోయింది.

"ఊఁ, చెప్పు. అది బాగుంటే?"

తల్లి మళ్ళీ మడమల మీదకి వంగింది. పెద్దాయన కుడిచేతిని జేబులో దాచుకున్నాడు.

"సరే, ఇప్పుడే తేల్చేద్దాం. స్టాండుకి బిగిస్తా, టైమరు తిప్పుతా. దానంతటదే నొక్కుకుంటుంది, నా చెయ్యి తగలదు. ఫోటో చెడిందా, తప్పు దానిది. బీరువాలో పెట్టి తాళమేసి, రేపు నువ్వే వెళ్ళి తీసుకో. బాగా వచ్చిందా..." కెమెరా వైపు ఒకసారి చూశాడు. "తప్పు నాది."

కెమెరా నిక్షేపంలా ఉందని కొడుక్కి తెలుసు. నిన్ననే దొంగచాటుగా ఒక రీలు తీసి, బయట కడిగించుకొచ్చాడు. అన్నీ అద్దంలా వచ్చాయి.

"ఎందుకు నాన్నా ఈ పరీక్షలు? వద్దులే."

"నీకెందుకురా భయం? ఫెయిలయితే నేనవుతా. వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చో."

రీలు ఎక్కించడానికి ఆయన పడ్డ అవస్థ చూడలేక కొడుకు తల తిప్పుకున్నాడు. ఎలాగైతేనేం, కెమెరా స్టాండెక్కింది. "ఉండండి, అద్దం మీద దుమ్ముంది," అంటూ తల్లి లేచి వెళ్ళి తుడిచొచ్చింది. ఇంకో రోజైతే, లెన్సు దగ్గర ఎవరైనా తుమ్మినా ఇంటికప్పు ఎగిరిపోయేది. ఇవాళ ఆయన లైటు సర్దుకుంటూ ఉండిపోయాడు. తర్వాత కెమెరాకి కన్ను ఆనించాడు. చాలాసేపు అలాగే చూశాడు.

టైమరు తిప్పి, గబగబా వచ్చి పెళ్ళాం పక్కన కుర్చీలో కూలబడ్డాడు.

"కదలొద్దు!"

కెమెరా బుర్రుమని గొణిగి, టక్కుమంది.

రీలు కడిగి ఆరేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. డార్క్ రూమ్‌లో ఎర్రలైటు కింద, ట్రేలో తేలుతున్న కాగితం మీదకి ముగ్గురూ వంగారు. ముందు కుర్చీ తేలింది. తర్వాత తలకాయలు. కొడుకు కళ్ళు మూసుకున్నాడు.

"చూడరా," అన్నాడు తండ్రి.

చూశాడు. ముగ్గురూ ఆవిరి పట్టిన కిటికీ వెనక నిలబడ్డట్టున్నారు. ముక్కేదో, మూతేదో తెలియడంలేదు.

నిన్న అద్దంలా తీసిన కెమెరాకి ఇవాళ ఏం పుట్టింది? అడుగుదామని నోరు తెరిచిన కొడుకు, తండ్రి మొహం చూసి మూసేశాడు.

"కెమెరాదే నాన్నా. పాడైపోయింది."

"పాపం, నాకంటే ముందే ముసలిదైపోయింది," అంటూ పెద్దాయన నిట్టూర్చాడు. "తీసుకెళ్ళి బీరువాలో పెట్టు. రేపు ఫోటో నువ్వు తియ్యి. నేను పక్కన నిలబడి 'కదలొద్దు' అంటాలే."

కొడుకు బయటికొచ్చి, కెమెరాని పసిబిడ్డలా గుండెకి పొదువుకుని బీరువా వైపు నడిచాడు. గుమ్మం దాటకముందే వెనక నుంచి తండ్రి గొంతు మెల్లగా వినిపించింది.

"ఆ వాజిలీను ఇంక మడమలకే రాసుకోవే. లెన్సుకి పట్టించాలంటే అంచుల వెంబడి పట్టించాలి గానీ, నడిమధ్యన కాదు. ఇన్నేళ్ళు పక్కనుండి చూశావు, ఆ కాస్త నేర్చుకోలేదు!"